సజ్జా నుంచి బనియాస్‌కు నోటీసుతో

ఆదివారం ఉదయం ఆరున్నరకు షార్జా శివార్లలోని సజ్జా కూలీల క్యాంపు నుంచి బయలుదేరాను. జేబులో మా ఊరి సర్పంచ్‌కు కలెక్టరాఫీసు నుంచి వచ్చిన నోటీసు ప్రింటు. పంచాయతీ నర్సరీలో మొక్కలు ఎండిపోయాయట, పదవి నుంచి ఎందుకు తీసేయకూడదో జవాబివ్వాలట. గడువు రేపటితో ఆఖరు. సర్పంచ్ మా ఆవిడ లక్ష్మి. రూమువాళ్లు మాత్రం నన్నే సర్పంచ్ సాబ్ అంటారు.

మంగళవారం వార్డు మెంబరు నోటీసు ఫోటో పంపగానే, "నేను చెప్పేదాంక ఏడ గూడ సంతకం పెట్టకు" అని లక్ష్మికి ఫోన్లో హుకుం జారీ చేశాను. నేనే టైపింగ్ సెంటర్‌లో జవాబు కొట్టించి, కింద నా సంతకం పెట్టాను. రాష్ట్ర సర్పంచుల సంఘం కార్యదర్శి అబుదాబి దగ్గర బనియాస్‌లో తన బావమరిది ఇంటికి వచ్చాడని తెలిసి, ఆయనకు చూపించడానికి ఈ ప్రయాణం. ఆ సంఘం సర్కారుదా, పార్టీదా, నాకు అర్థం కాలేదు.

షార్జా బస్టాండులో ఏడున్నరకు అబుదాబి బస్సు. పక్క సీట్లో జెబెల్ అలీలో పనిచేసే జగిత్యాల శంకరన్న.

"కాయిదాలు వట్టుకొని ఏడికే?"

"సర్పంచుల సంఘం కాడికి."

"సర్పంచులకు గూడ సంఘమా? కూలోళ్లకే అనుకున్న." ఆయన దుబాయ్‌లో దిగిపోయాడు. నా అయోమయం మాత్రం దిగలేదు.

పదింటికి అబుదాబిలో దిగి అడిగితే, సిటీ బస్సు డ్రైవరు నవ్వాడు. "బనియాస్ తో పీఛే రహ్ గయా, భాయ్." వచ్చిన దారినే ముప్పావుగంట వెనక్కి పోయాను. ఎవరైనా వెళ్తే ముందే అడిగి ఎక్కండి, నాలా ఊరంతా తిరగకండి. బనియాస్‌లో పరాఠా, చాయ్ అయ్యేసరికి పదకొండున్నర.

కార్యదర్శి లుంగీ మీద ఉన్నాడు. నా జవాబు రెండుసార్లు చదివాడు.

"సర్పంచ్ నువ్వా తమ్మీ?"

"మా ఆడామె. చూసుకునేది నేనే."

"దుబాయ్‌ల కూసొనా?" అని ఫోన్ తీసి మహిళా సర్పంచుల గ్రూపులో వెతికాడు. "ఇగో, మీ ఊరే గదా? ఈమె బుధవారమే మా ఆఫీసుకు ఫోన్ జేసింది. మా వకీలు జవాబు రాసిచ్చిండు. బోరు మోటరు కాలిన సంగతి ఫోటోలతోని పెట్టి, మొన్ననే కలెక్టరాఫీసుల ఇచ్చింది."

ఫోటోలో లక్ష్మి చేతిలో ముద్ర వేసిన రసీదు. నాకు సంతోషమో సిగ్గో తెలియలేదు. రెండూ అయ్యుంటాయి.

"ఇంతకూ మీరు సర్కారోళ్లా, సార్?"

"సర్కారు గాదు, పార్టీ గాదు. సర్పంచులకు చట్టం చెప్తం, ట్రైనింగు పెడ్తం, ఆపదొస్తె వకీలును జూపిస్తం. సర్పంచులకు, తమ్మీ. వాళ్ల మొగుళ్లకు గాదు."

రెండింటికి తిరుగు బస్సు. కిటికీ పక్కన కూర్చుని లక్ష్మికి ఫోన్ చేశాను.

"ఎందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవా? సంతకం పెట్టకన్నవ్ గంతే. గడువు నీ మాటకు ఆగుతదా?" వెనక ఎవరో మైకులో మాట్లాడుతున్నారు. "సంఘం ట్రైనింగుల ఉన్న. మల్ల చేస్త."

ఆ జవాబు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేశాను. ఇన్నాళ్లూ ఆమె పదవిని నేను తొడుక్కుని తిరిగినట్టు అనిపించింది.

ఆరింటికి క్యాంపు గేటు దగ్గరే రూమువాళ్లు ఎదురొచ్చారు.

"ఏమైంది, సర్పంచ్ సాబ్?"

"సర్పంచ్ మీటింగుల ఉన్నది," అన్నాను. "నేను పోయి బియ్యం కడుగుత."