చుక్క ఉన్న రూపాయి

నా ఉద్యోగం తప్పులు పట్టడం. మలేషియాలో బంటింగ్ దగ్గరి రబ్బరు గ్లవ్స్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లుగా కంటికి ఆనని చిల్లులు వెతుకుతున్నాను. ఇంటికి వచ్చినా ఆ చూపు మారదు. అన్నంలో రాయి, గోడలో బీట, పక్కింటాయన మాటలో వంకర, అన్నీ ముందు నాకే కనిపిస్తాయి. దీన్నొక గొప్పగా చెప్పుకుని తిరిగేవాణ్ణి కూడా.

అలాంటివాడికి పాత నాణేల పిచ్చి పట్టిందంటే వింతేమీ లేదు. ఫోన్లో నాణేలు సేకరించేవాళ్ళ గుంపు ఒకదానిలో చేరాను. నాణెం ఏ టంకశాలలో కొట్టారో చెప్పే చిన్న గుర్తు ఒకటి దాని మీదే ఉంటుందని, ఒకే ఏడాది, ఒకే రాజు బొమ్మ అయినా ఆ గుర్తును బట్టి ధర మారుతుందని అక్కడే నేర్చుకున్నాను. పాత మలయా పది సెంట్ల బిళ్ళల్లో ఇండియాలో కొట్టినవాటికి ఏడాది పక్కన చిన్న 'ఐ' అక్షరం ఉంటుంది. ఇండియా వెండి రూపాయిల్లో బొంబాయివాటికి అడుగున తామరపువ్వు దగ్గర ఆవగింజలో సగమంత చుక్క ఉంటుంది, కలకత్తావాటికి ఉండదు. చుక్క ఉంటే పంట పండినట్టేనని గుంపులో ఎవరో రాశారు. ఆ రాసినవాడెవడో, వాడికేం తెలుసో నేను అడగలేదు. ఫ్యాక్టరీలో ఎవరి మాటా నమ్మని నేను ఆ మాటను మాత్రం ఇట్టే నమ్మేశాను.

మా ఇంట్లో అలాంటి రూపాయి ఒకటి ఉంది. మా నాన్నకు అక్క, నాకు మేనత్త, దాన్ని పసుపు గుడ్డలో కట్టి తన తమలపాకుల డబ్బాలో దాచుకునేది. చిన్నప్పుడే అమ్మ పోతే నన్ను పెంచింది ఆవిడే. పొద్దున్నంతా ఎస్టేటులో రబ్బరు పాలు తీసి వచ్చి, సాయంత్రం నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని తెలుగు అక్షరాలు దిద్దించేది. ఆ రూపాయి మా తాత తల్లి విశాఖ రేవులో ఓడ ఎక్కేటప్పుడు కొంగున ముడేసుకుని వచ్చినది. మావాళ్ళలో మనిషి పోతే నుదుట గంధం అద్ది దాని మీద కాసు పెడతారు. మిగతా ఇళ్ళలో ఏ బిళ్ళ చేతికి దొరికితే అది పెడతారు. మా ఇంట్లో మాత్రం ఈ రూపాయే. తాత తల్లికి, తాతకు, నాయనమ్మకు, అమ్మకు, నాన్నకు, అందరికీ అదే పెట్టారు. దహనానికి ముందు తీసి, పసుపు నీళ్ళలో ముంచి, మళ్ళీ గుడ్డలో కట్టేవారు. ఎవరూ తోమేవారు కాదు. పొరలు పొరలుగా గంధం, పసుపు పేరుకుని అది నల్లగా, గరుకుగా ఉండేది.

"ఇంక మిగిలింది నానే కదరా. నాను పోయిన్నాడు ఇది ఎట్టడం మరిసిపోకు" అని అత్త నవ్వుతూనే చెప్పేది. పడుకునే ముందు గుడ్డ విప్పి బొటనవేలితో ఒకసారి తడుముకునేది. శుక్లాలు వచ్చాక చూపు ఆనక, తడుముకోవడం ఇంకా ఎక్కువైంది.

ఒక శనివారం నా భార్య అత్తను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నేను డబ్బా తెరిచాను. భూతద్దం పెట్టి చూస్తే తామరపువ్వు కింద ఏదో ఉంది. చుక్కో, మురికో తెలియడం లేదు. మా ఇళ్ళలో వెండి అనగానే చెయ్యి చింతపండు మీదికి పోతుంది. నానబెట్టి, కాస్త బూడిద కలిపి, పాత బ్రష్షుతో రుద్దాను. సింకులోకి నల్లటి నీళ్ళు కారాయి. కారి కారి చివరికి చుక్క తేలింది. గుండె ఎగిరి గంతేసింది. ఆ నల్లటి నీళ్ళు ఏమిటన్నది నాకు తట్టలేదు. మా అమ్మ నుదుటి గంధం కూడా అందులోనే పోయింది. తలచుకుంటే ఇప్పటికీ ఆ సింకు దగ్గర నిలబడి చేతులు కడుక్కోలేను.

అక్కడితో ఆగినా బాగుండేది. నా దగ్గర అదే రాజు బొమ్మతో అరిగిపోయిన రూపాయి ఇంకొకటి ఉంది, చుక్క లేనిది, గుంపులో కారుచౌకగా కొన్నది. దానికి గంధం, పసుపు, కాస్త మసి కలిపి పూసి, ఫ్యాను కింద ఆరబెట్టి, మళ్ళీ పూసి, వాళ్ళు వచ్చేలోపు గుడ్డలో కట్టి పెట్టేశాను. అత్త తడిమి చూసుకుని ఎప్పటిలాగే పడుకుంది. నా పనితనానికి నేనే మురిసిపోయాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నిజంగానే మురిసిపోయాను.

తర్వాతి ఆదివారం అసలు రూపాయి తీసుకుని క్లాంగ్ వెళ్ళాను. నాణేలు కొనే చీనా ముసలాయన దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి గాజు పలక మీద పెట్టేశాడు. ఆ ఏడాది బొంబాయిలో ఇవి కుప్పలుగా కొట్టారట. చుక్క కొన్ని ఏళ్ళవాటికే విలువ తెస్తుందట, దీనికి ఉన్నా లేనట్టేనట. పైగా "సుదా చుచి లా" అన్నాడు మలాయ్‌లో, ఇక్కడ అందరం మాట చివర తగిలించే 'లా'తో, కడిగేశావుగా అని. కడిగిన నాణేన్ని సేకరించేవాళ్ళు ముట్టుకోరట. వెండి తూకానికి ఇస్తానన్నాడు. కడగకుండా తెచ్చి ఉంటేనో అని అడిగాను. ఇద్దరి భోజనం ఖర్చంత ఎక్కువ వచ్చేదన్నాడు.

నేను అమ్మలేదు. దాన్ని మంచితనం అనుకోకండి, ఆ ధరకు మనసొప్పలేదంతే. ఇంటికి వచ్చి అసలుదాన్ని గుడ్డలో పెట్టి, నకిలీదాన్ని జేబులో వేసుకున్నాను. లెక్క సరిపోయిందని, ఎవరికీ ఏ నష్టమూ లేదని అనుకున్నాను.

ఆ సాయంత్రం నేను టీ తాగుతుంటే అత్త తడుముకుంటూ వంటింట్లోకి వచ్చింది. చేతిలో గుడ్డ విప్పి ఉంది.

"ఒరే, ఇది మా అమ్మకి ఎట్టిన కాసు కాదురా. నున్నగా ఉన్నాది. ఏటి సేసినావు?"

ఒక్క వాక్యం చాలు. అదే అత్తా, నేనే తోమాను అని. తిట్టేది, ఏడ్చేది, రెండు రోజులు అన్నం మానేసేది. తర్వాత ఆ నున్నటిదాన్నే దాచుకునేది. ఆ వాక్యం నా నోటి దాకా వచ్చింది కూడా.

"నా నాణేల్లో కలిసిపోయినట్టుంది అత్తా. నీది ఇదిగో" అని ఆవిడ చేతిలోది తీసుకుని, జేబులోంచి నకిలీదాన్ని తీసి ఇచ్చాను.

అత్త బొటనవేలితో రుద్దింది. గరుకుగా తగిలేసరికి ముఖం విప్పారింది. "ఇదీ. ఇదేరా. గుండె ఆగిపోనాది నాకు" అని దాన్ని రెండు కళ్ళకూ అద్దుకుంది. నేను పూసిన మసి ఆవిడ రెప్పకు అంటుకుంది. నా భార్య తువ్వాలుతో తుడిచింది. నేను టీ గ్లాసు తీసుకుని బయటికి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత అత్త నాలుగు నెలలు బతికింది. రోజూ చెబుదామనే అనుకున్నాను. రోజూ ఆవిడ గుడ్డ విప్పి తడుముకుని తృప్తిగా పడుకునేది. ఆ తృప్తి చెడగొట్టడం ఎందుకులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి, నాకు భయం.

ఒక ఉదయం అత్త లేవలేదు. బంధువులు వచ్చారు. నా భార్య డబ్బాలోంచి గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టింది. అసలుది పక్క గదిలో, నా సొరుగులో ఉంది. పది అడుగులు వేస్తే చాలు. అందరూ నా చేతి వైపే చూస్తున్నారు. గంధం అద్ది, గుంపులో కారుచౌకగా కొన్న ఆ రూపాయినే అత్త నుదుట పెట్టాను. అది ఎవరిదో, ఏ ఊరి కొంగున ఉండి వచ్చిందో నాకు తెలియదు.

తర్వాత నా భార్య దాన్ని పసుపు నీళ్ళలో ముంచి గుడ్డలో కడుతూ, "జాగర్త లా, మీ తాతమ్మ తెచ్చినాది" అంది. నేను ఊఁ అన్నాను.

నా భార్యకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. పిల్లలకు అర్థమవుతుంది గానీ తమిళంలోనో ఇంగ్లీషులోనో బదులిస్తారు. నేను కాక ఈ ఇంట్లో తెలుగు చదవగలిగిన మనిషి అత్త ఒక్కతే. అందుకే ఇదంతా తెలుగులో రాయడానికి నాకు ధైర్యం వచ్చింది.