అచ్యుతరావుగారి తెల్లబూట్లు

ఆ పుకారు పుట్టించింది నేనే. ముందే చెప్పేస్తున్నాను. ఎవరో చెప్పగా మీకు తెలియడం కంటే నా నోటితో నేనే చెప్పుకోవడం కాస్త మర్యాదగా ఉంటుంది.

అచ్యుతరావుగారు షికాగోలో ఒక కంపెనీలో వంతెనలకు డ్రాయింగులు గీసేవారు. రోజూ పొద్దున్నే నేపర్‌విల్ స్టేషన్‌లో రైలెక్కి, సాయంత్రం ఆరింటికి దిగేవారు. శని, ఆదివారాల్లో మాత్రం మా తెలుగువాళ్ళందరికీ పురోహితుడు ఆయనే. ఆయన్ని ఎవరూ నియమించలేదు. 1978లో మేం నేపర్‌విల్ వెళ్ళేసరికి మా అందరిలో మంత్రాలు వచ్చిన మనిషి ఆయనొక్కరే. చిన్నప్పుడు నాన్నగారి దగ్గర నేర్చుకున్నారట. అన్నప్రాశన, అక్షరాభ్యాసం, సత్యనారాయణ వ్రతం, ఏదైనా ఆయన రావలసిందే. తాంబూలంతో పాటు ఒక డబ్బాడు పులిహోర ఇస్తే పొంగిపోయేవారు.

కొత్త కారు కొన్నవాడల్లా ముందు ఆయన ఇంటికే తోలుకెళ్ళేవాడు. ఆయన కారుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి, "ఊఁ, పోనీయ్!" అనేవారు. నిమ్మకాయలు చితికిన చప్పుడు వినగానే ఆ కారు తనే కొనుక్కున్నంత సంబరపడిపోయేవారు.

1983 కార్తీకమాసంలో మా ఇంట్లో వ్రతం చేసుకున్నాం. ఆయన పట్టుపంచె కట్టుకోవడానికి బేస్‌మెంట్‌లోకి వెళ్ళారు. మా ఆయన కృష్ణమోహన్ ముచ్చటపడి కట్టించుకున్న బార్ కూడా అక్కడే ఉంది, అందులో సీసాలూ ఉన్నాయి. తిరిగి పైకి వచ్చేటప్పుడు అచ్యుతరావుగారు గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఎక్కారు. నేను చెయ్యి అందించబోతే, "నేనింకా అంత ముసలాణ్ణి కాలేదమ్మా పద్మినీ" అన్నారు.

పూజంతా బాగానే జరిగింది, గొంతు ఖంగుమంది. చివర్లో అందరూ లేచి ఆత్మప్రదక్షిణం చేయాలి కదా, కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, నిలుచున్న చోటే మూడుసార్లు తిరగాలి. మొదటి చుట్టులోనే ఆయన పక్కకు ఒరిగిపోయి చేతికందిన కర్టెన్ పట్టుకున్నారు. కర్టెనూ, దాని రాడ్డూ, ఆయనా కలిసి మా సోఫా మీద పడ్డారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. "ఏం ఫర్వాలేదు, ఏం ఫర్వాలేదు" అంటూ ఆయనే ముందు నవ్వేశారు.

మర్నాడు పొద్దున్నే, వ్రతానికి రాలేకపోయిన నా స్నేహితురాలు నళినికి ఫోన్ చేశాను.

"ఎవరితోనూ అనకు నళినీ. అచ్యుతరావుగారు కిందకెళ్ళి రెండు పెగ్గులు వేసుకొచ్చినట్టున్నారే."

"అయ్యో రామ! పూజలోనా?"

"స్మెల్ అయితే రాలేదనుకో. కానీ ఆ తూలడం నువ్వు చూడాలి."

వాసన రాలేదన్న ముక్క నళిని దగ్గరే ఆగిపోయింది. మిగతాదంతా ఊరు తిరిగింది.

ఆ చలికాలం ఆయన్ని పిలిచేవాళ్ళు లేకపోయారు. ఇండియా నుంచి ఎవరో వ్రతవిధానం క్యాసెట్ తెస్తే ఇల్లిల్లూ దాన్నే తిప్పుకున్నారు. టేప్‌రికార్డర్ "పుష్పం సమర్పయామి" అంటే పువ్వు వేయాలి. టేపు చిక్కుపడితే దేవుణ్ణి కాసేపు ఆగమని చెప్పి, పెన్సిల్ పెట్టి తిప్పుకోవాలి. ఒకరోజు షాపులో ఆయన భార్య వసుమతిగారు కనిపించారు. "ఈమధ్య శనివారాలు కూడా ఇంట్లోనే ఉంటున్నారు పద్మినీ. పంచె ఉతికి మడతపెట్టింది పెట్టినట్టే ఉంది" అన్నారు. "అందరూ బిజీ కదా వదినగారూ" అన్నాను. ఆ మాటన్నందుకు నన్ను నేనే ఇప్పటికీ తిట్టుకుంటాను.

ఉగాదికి మా ఇంట్లోనే భోజనాలు. పచ్చడి తింటూ ఆయనే కథ మొదలుపెట్టారు.

"మార్చిలో రైలు దిగి కారు దాకా నడుస్తుంటే ఒక పోలీసాయన ఆపాడు. ఏం తాగావన్నాడు. ఆఫీస్‌లో కాఫీ తాగానన్నాను. మడమకి బొటనవేలు ఆనిస్తూ గీత మీద నడవమన్నాడు. రెండో అడుగులోనే అతని మీద పడ్డాను. సరే, కళ్ళు మూసుకుని నిలబడమన్నాడు. మళ్ళీ అతని మీదే పడ్డాను! గొట్టంలో ఊదిస్తే సున్నా వచ్చింది. మళ్ళీ ఊదించాడు, మళ్ళీ సున్నా. పాపం, అతనికే భయం వేసినట్టుంది. సర్, ఇది మందు కాదు, వెంటనే డాక్టర్‌ని చూడండి అని, తనే కారులో ఇంటి దగ్గర దింపాడు."

అందరూ విరగబడి నవ్వారు. నాకు మాత్రం నోట్లో ఉన్న ఉగాది పచ్చడి ఆరు రుచుల్లో చేదొక్కటే తెలిసింది.

"డాక్టర్ ఏమన్నాడు?" అని కృష్ణమోహన్ అడిగాడు.

"న్యూరోపతీ అన్నాడయ్యా. షుగర్ ఉండి పదేళ్ళు దాటిందిగా, పాదాల్లో నరాలు దెబ్బతిన్నాయట. కాలు ఎక్కడ పడిందో కాలికి తెలియట్లేదు, కళ్ళతో చూసుకోవాలి. కళ్ళు మూశానా, పడ్డానే. ముఖానికి సబ్బు రాసుకుని బేసిన్ మీద పడడం ఏడాది నుంచీ ఉంది. వీళ్ళకి చెప్పలేదు."

వసుమతిగారు ఆయన వంక చూసిన చూపు నేను చెప్పను.

ఇక ఆగలేకపోయాను. "అన్నయ్యగారూ, మా ఇంట్లో మీరు తాగి తూలారని అందరికీ చెప్పింది నేనే" అనేశాను.

ఆయన స్పూను కింద పెట్టి నా వైపు తిరిగారు.

"ఓహో, అందుకా క్యాసెట్!" అన్నారు. నవ్వబోయి మానుకుని, "నాకు బాధే వేసిందమ్మా. మంత్రం ఎక్కడైనా తప్పు చెప్పానేమో, మొహమాటానికి ఎవరూ అనట్లేదేమో అనుకున్నాను. ఈ నాలుగు నెలలూ నాన్నగారి పుస్తకం మొదటి నుంచీ మళ్ళీ చదివాను" అన్నారు.

చెంపదెబ్బ కొట్టినా నాకు అంత నొప్పి పుట్టేది కాదు.

నళిని కళ్ళు తుడుచుకుంటూ లేచింది. "మే నెలలో మా గృహప్రవేశం. మీరే చేయించాలి."

"లేదమ్మా" అన్నారాయన. "ఇంట్లో కూడా వట్టి కాళ్ళతో నడవొద్దన్నాడు డాక్టర్. గాజుపెంకు దిగినా నాకు తెలియదట. బూట్లేసుకుని కలశం ముందు నిలబడనా? నావల్ల కాదు. క్యాసెట్ ఉందిగా, అది తూలదు కూడాను."

అంతకన్నా ఇష్టమైన పని ఆయనకు మరొకటి లేదని మాకందరికీ తెలుసు. నా నోటివల్ల నాలుగు నెలలు పోయాయి. ఇప్పుడు చెప్పుల మర్యాద వల్ల మిగతా జన్మంతా పోయేట్టుంది.

వారం తర్వాత వాళ్ళింటికి వెళ్ళాను. నేల మీది చిన్న తివాచీలన్నీ తీసేశారు, నడిచే దారిలో లైట్లు పెట్టారు. అరికాళ్ళు చూసుకోవడానికి గోడ వార అద్దం ఉంది. ఆయన వంటింటి గట్టు పట్టుకుని, తూలకుండా ఉండడానికి డాక్టర్ చెప్పిన సాధనగా, ఒంటికాలి మీద నిలబడి విష్ణు సహస్రనామం చదువుతున్నారు. కుడికాలికి పది నామాలు, ఎడమకాలికి పది నామాలు.

"మొదట్లో విశ్వం, విష్ణుః అనేలోపే పడేవాణ్ణి. ఇప్పుడు పదీ అవుతున్నాయి" అన్నారు గర్వంగా.

కానీ పూజగది గుమ్మం దగ్గర బూట్లు విప్పి, కూర్చుని, చేతులు ఆనించి జరుగుతూ లోపలికి వెళ్ళారు. వంతెనలు గీసే మనిషి, మా అందరికీ పెద్ద. చూడలేక గరాజ్‌లోకి వెళ్ళి నిలబడ్డాను. అక్కడ ఆయన కారుంది. అయిదేళ్ళ కిందటి పసుపు బానెట్ అంచున ఇంకా అంటుకునే ఉంది. అది చూసి గబగబా లోపలికి వచ్చాను.

"అన్నయ్యగారూ, రోడ్లన్నీ తిరిగే టైరుకు పసుపు రాస్తారే. రోడ్డే తొక్కని బూటు ఏం పాపం చేసింది?"

ఆయన ఆలోచనలో పడ్డారు. "తోలు పనికిరాదు."

"కాన్వాస్‌వి కొందాం. అడుగు పలచగా, గట్టిగా ఉండేవి."

"బయట నేల తాకకూడదు."

"గుడ్డసంచీలో పెట్టుకొస్తారు. గుమ్మంలో కుర్చీ వేస్తాం, అక్కడ మార్చుకోండి."

"శాస్త్రంలో లేదమ్మా."

"కార్ల కింద నిమ్మకాయలు పెట్టమని ఉందా?"

వంటింట్లోంచి వసుమతిగారు పకపకా నవ్వారు. ఆయనా నవ్వేసి, తన బూటు సైజు చెప్పారు.

మే నెల శనివారం, నళిని కొత్త ఇంటి గరాజ్‌లో మా వాళ్ళందరూ చేరారు. కుర్చీలో కూర్చున్న అచ్యుతరావుగారి ఎదుట, పీట మీద, తెల్లటి కాన్వాస్ బూట్లు. పసుపు నేను రాశాను, బొట్లు నళిని పెట్టింది. మంత్రం ఆయనే చెప్పుకున్నారు. కృష్ణమోహన్ కొబ్బరికాయ కొట్టాడు. ఆయన బూట్లు తొడుక్కున్నారు, మేం పీట మీద మడమల కింద రెండు చిన్న నిమ్మకాయలు పెట్టాం. ఆయన వాటిని చూశారు, పీటను చూశారు. తర్వాత రెండు చేతులూ చాచారు, ఒకటి నాకు, ఒకటి నళినికి.

"పట్టుకోండమ్మా" అన్నారు.

నాకు తెలిసి ఆయన ఒకరి చెయ్యి అడగడం అదే మొదటిసారి.

"ఊఁ, పోనీయండి!" అని అందరం ఒక్కసారే అరిచాం. ఆయన లేచి మడమలతో నిమ్మకాయలు తొక్కారు, ఆ అరుపుల్లో చితికిన చప్పుడే వినపడలేదు. రసం చిమ్మి నా పట్టుచీర మీద పడింది. ఆయన మాత్రం మా ముఖాల్లోకే చూస్తున్నారు.

"నలిగాయా?" అని అడిగారు.

నళిని కూతురు రేణు వంగి చూసి, తన అమెరికా యాసలో, "నలిగింది అంకుల్! రెండూ నలిగింది!" అని అరిచింది. అప్పుడు ఆయన ముఖంలో మళ్ళీ ఆ కొత్త కారు సంబరం కనిపించింది.

బూట్ల అడుగు తడిగుడ్డతో తుడిచి ఆయన్ని లోపలికి తీసుకెళ్ళాం. పూజ చివర ఆయన, "అందరూ కళ్ళు మూసుకుని ఆత్మప్రదక్షిణం చేయండి" అన్నారు. ఆయన కళ్ళు తెరుచుకునే, నా చెయ్యి పట్టుకుని, నిదానంగా మూడుసార్లు తిరిగారు. పక్కనే నేనూ తిరిగాను. కళ్ళు మూసుకోలేదు.