ఆయుధపూజ నాడు ఆగిన ఫ్రిజ్జు

మొన్న వేలూరులో పక్కింటివాళ్ల కుక్కపిల్లకు టీకా వేయించడానికి తోడు వెళ్లాను. డాక్టరమ్మ ఫ్రిజ్జు తలుపు తీసి చిన్న సీసా అందుకోగానే నాకు నవ్వు ఆగలేదు. ఆవిడ వింతగా చూసింది. గుడియాత్తంలో మా మేనత్త ఇంటి ఫ్రిజ్జు సంగతి ఆవిడకేం తెలుసు?

మా చిన్నాన్న, అంటే అత్త తమ్ముడు, పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరైనవాడు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. ఒక ఏడాది అక్కడి కొండ కింది పల్లెల్లో కుక్కలకు డిస్టెంపరు అనే అంటుజబ్బు తగిలింది. కళ్లలో పుసి, ముక్కులో చీమిడి, ఆపైన వణుకు, చివరికి చావు. మేకల వెంట కొండెక్కే ఆ కుక్కల నుంచి జబ్బు అడవిలోని రేచుకుక్కలకు అంటుతుందేమోనని చిన్నాన్న బెంగ. ఎర్రటి ఒంటితో, నల్లటి కుచ్చు తోకతో గుంపుగా వేటాడే ఆ అడవికుక్కలు, మా వైపు మాటలో సెన్నాయిలు, దేశంలోనే తగ్గిపోతున్నాయి. మా కొండలో మిగిలింది ఒక్క గుంపు. “సెన్నాయిని పట్టి సూది వేసేది మనవల్ల కాదు పాపా. ఊరికుక్కలకి వేస్తే జబ్బు ఈడనే నిలిచిపోతాది” అనేవాడు. మేకలవాళ్లు విజయదశమి ఉదయం ఇళ్ల దగ్గర ఉంటారు. మధ్యాహ్నం మందలతో కొండెక్కితే నెలదాకా దిగరు. అందుకని ఆ ఉదయమే సూదులని చాటించి, రెండు రోజుల ముందే టీకా సీసాలు తెచ్చి అత్త ఫ్రిజ్జులో పెట్టాడు. వంటింట్లో కుక్కల మందేమిటని అత్త గొణిగింది కానీ, పెరుగుగిన్నె జరిపి చోటిచ్చింది.

పండక్కి నేనూ అత్త ఇంట్లోనే ఉన్నాను. విజయదశమి నాడు పొద్దున ఆరింటికి చిన్నాన్న వచ్చేసరికి ఫ్రిజ్జుకు గంధం, కుంకుమ, చామంతి దండ ఉన్నాయి. ప్లగ్గు పీకి ఉంది. తలుపు తీస్తే టీకా డబ్బాకు కూడా బొట్టు.

“ఏందక్కా, ఫ్రిజ్జు ఆపేసినావా?”

“నిన్న ఆయుధపూజ కదప్పా. మిక్సీకి, మోటరుకి రెస్టిచ్చి దీనికి ఇయ్యకపోతే ఎట్ల? ఏడాదంతా గుర్రుమంటా ఉండాది పాపం.”

చిన్నాన్న సీసాను చెంపకు ఆనించి చూసి కుర్చీలో కూలబడ్డాడు. “అంతా పాయె. చల్లదనం పోయినాక ఇది ఇంక నీళ్లే.” అత్త జన్మలో తప్పు ఒప్పుకున్న మనిషి కాదు, ఆ రోజూ ఒప్పుకోలేదు. చెప్పులేసుకుంది. “నువ్వు పోయి వాళ్లని కదలనీకుండా చూడు. మందు నేను తెస్తా” అని నన్ను రెక్క పట్టుకుని బస్సెక్కించింది.

వేలూరులో పండగని మందుల అంగడి మూసి ఉంది. అత్త వెనక వీధిలో ఉన్న యజమాని ఇంటికి వెళ్లి, తమిళంలో బతిమాలి, తెలుగులో తగువులాడి, ఆయన్ను తడితలతోనే తీసుకొచ్చి షట్టరు ఎత్తించింది. తిరుగు బస్సులో ఐసు నింపిన పెట్టె ఆవిడ ఒళ్లో ఉంది. ఎవరో దానిమీద మోచెయ్యి ఆనిస్తే “చెయ్యి తియ్యప్పా, లోపల ప్రాణాలుండాయి” అంది. ఆసుపత్రుల ఊరి నుంచి వచ్చే బస్సు కదా, ఏ మనిషి గుండెనో తీసుకెళ్తున్నామనుకుని జనం జరిగి చోటిచ్చారు. నాకు నవ్వూ, భయమూ ఒకేసారి. దారిలో లత్తేరి దగ్గర పూజకు అరటి పిలకలు కట్టిన లారీ అడ్డంగా నిలిస్తే కండక్టరే దిగి దాన్ని తోలించాడు.

మేము కొండ కిందికి చేరేసరికి మేకలు దారికెక్కాయి. దారి మధ్యలో చిన్నాన్న మోటారుసైకిలు అడ్డం పెట్టి దాని ముందు కూర్చుని ఉన్నాడు. మేకలవాళ్లు పాత లుంగీ పేలికలతో కుక్కల మూతులు కట్టారు. కుక్క ఎదురైతే వీధి మారే మా అత్త నేలమీద కూర్చుని ఒక్కొక్కదాని మెడ పట్టుకుంది. చివరి కుక్కకు సూది దిగగానే నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. అంత సంతోషం నేను పండగలప్పుడు కూడా ఎరుగను.

ఎండలు ముదిరాక మేకలవాళ్లలో ఒకాయన ఇంటికొచ్చి చెప్పాడు: “వాగుకాడ సెన్నాయిలు చూసినానమ్మా. కూడా పిల్లలుండాయి, ఆరు.” అత్త లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకుంది. మా టీకాల వల్లే బతికాయో, జబ్బు అంతదూరం వెళ్లనే లేదో ఎవరూ చెప్పలేరు. అత్త ఇప్పుడు లేదు. ఆ ఆరు కూనలకీ ఈపాటికి పిల్లలు, వాటికి మళ్లీ పిల్లలు పుట్టి ఉంటాయి. మేము ఆయాసపడుతూ పరుగెత్తిన ఆ ఒక్క పూట, ఆ కొండమీద ఇంకా గడుస్తూనే ఉంది.