అభ్యంతరాల గడి

అన్నిటికీ అభ్యంతరం చెప్పేవాడికి మనుషులంటే గిట్టదని లోకంలో ఒక అభిప్రాయం స్థిరపడి ఉంది. దాన్ని ఎవరైనా పరీక్షించి స్థిరపరిచారా అంటే, లేదు. చాలామంది చాలాకాలం నమ్మడమే దానికున్న ఏకైక ఆధారం. పెందుర్తిలో తిరుమలరావుగారు ఉండే కాలనీలో మాత్రం నిదర్శనం కూడా ఉండేది. అది తిరుమలరావుగారే. ఆయన భార్య పద్మావతిగారు ముప్పై నాలుగేళ్ల అనుభవంతో ఆ అభిప్రాయాన్ని బలపరిచేవారు.

ఆయనది గోదావరి జిల్లా. ఉద్యోగం విశాఖ ఉక్కు కర్మాగారంలో, భద్రతా విభాగంలో. ఎవరు ఎత్తు ఎక్కాలన్నా, గొయ్యిలో దిగాలన్నా పర్మిట్ కాగితం మీద ఆయన సంతకం పడాలి. ఆ కాగితం అడుగున ‘అభ్యంతరాలు’ అని ఒక గడి ఉంటుంది. అందరూ అందులో ‘లేవు’ అని రాసి టీ తాగడానికి పోయేవారు. తిరుమలరావుగారు తన సర్వీసు మొత్తంలో ఆ మాట ఒక్కసారి కూడా రాయలేదు. పదవీ విరమణతో పర్మిట్లు పోయాయి. గడి మాత్రం ఆయన బుర్రలో ఉండిపోయింది.

“ఉప్మా ఎలా ఉందండీ?” అని పద్మావతిగారు అడిగితే, ఆయన రెండు ముద్దలు తిని, కళ్లు మూసుకుని, తీర్పు చెప్పినట్టు చెప్పేవారు.

“అభ్యంతరం. ఉప్పు తక్కువ.”

“మొన్న ఎక్కువన్నారు!”

“మొన్నటి అభ్యంతరం మొన్నటిది, పద్మా. అది పరిష్కారమైంది. ఇది కొత్తది.”

పక్కింటి వీర్రాజు కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. వచ్చినవాళ్లంతా గచ్చు బాగుందన్నారు, గోడల రంగు బాగుందన్నారు. తిరుమలరావుగారు నేరుగా మేడ మెట్లెక్కి, రెయిలింగు పట్టుకుని బలంగా ఊపారు.

“అభ్యంతరం. ఇది కదులుతోందండీ.”

“గురూగారూ, ఇవాళ గృహప్రవేశం! ఇవాళ కూడానా?”

“అందుకే ఇవాళే చెబుతున్నానండీ. రేపట్నుంచి మీరు ఇందులో తిరుగుతారు.”

వీర్రాజు నెల్లాళ్లు మాట్లాడలేదు. రెయిలింగు మాత్రం ఆ వారంలోనే బాగు చేయించాడు. ఆ రెండో సంగతి కాలనీలో ఎవరూ చెప్పుకోలేదు. మనిషిలో తప్పు పట్టడానికి అలవాటుపడిన లోకానికి, ఆ తప్పు వల్ల జరిగిన మేలును గమనించే తీరిక ఉండదు.

ఒక ఏడాది దంపతులిద్దరూ సింహాచలం వెళ్లారు. దర్శనం చక్కగా అయింది, ప్రసాదం వేడిగా ఉంది, ఎండ కూడా మెత్తగా ఉంది. అభ్యంతరం చెప్పడానికి ఏమీ దొరక్క మధ్యాహ్నానికి ఆయన ముఖం పాలిపోయింది. పద్మావతిగారు నుదురు ముట్టుకుని చూశారు. కొండ దిగాక ఎక్కిన ఆటోకు ఒకవైపు అద్దం లేకపోవడంతో ఆయన ప్రాణం లేచి వచ్చింది.

ఇలాంటి మనిషి చేతికి ఒక రోజు అసలైన ప్రకటన దొరికింది. నగరంలో రాబోయే ఇరవై ఏళ్లలో ఏ వీధికి నీళ్లు రావాలి, ఎక్కడ బస్సు ఆగాలి, ఎక్కడ ఆసుపత్రి లేవాలి, ఏ రోడ్డు ఎంత వెడల్పు కావాలి అన్నదానికి ముసాయిదా ప్రణాళిక తయారైంది. ప్రజలు ముప్పై రోజుల్లో అభ్యంతరాలు తెలపవచ్చు.

ప్రజల అభిప్రాయం కోరే ప్రకటనను ప్రజల కంటపడకుండా అంటించడం ఒక విద్య. ఆ ప్రణాళిక వేసిన కార్యాలయం దాన్ని పూర్తిగా సాధించింది. కాగితం ఒక ఇనుప బీరువా వెనక ఉంది. పటం గోడ మీద ఉంది, కాని పైకప్పుకు ఆనుకుని ఉంది. అందులోని అక్షరాలు చీమ తలకాయంత. అవి కూడా ఇంగ్లీషులో. విచారణ మంగళవారం పదకొండు గంటలకు, అంటే పని ఉన్నవాళ్లెవరూ రాలేని వేళకు పెట్టారు. రేపటి ఊరు ఎలా ఉండాలో అందులో బతకబోయేవాళ్లను అడగడం కన్నా గౌరవమైన పని ప్రభుత్వానికి మరొకటి లేదు. అడిగినట్టు నటించడం కన్నా అగౌరవమైనదీ లేదు.

తిరుమలరావుగారు బీరువాను అరగజం జరిపారు. స్టూలు ఎక్కి పటమంతా చదివారు. దిగి ఇంటికి వచ్చి, చొక్కా విప్పకుండానే చెప్పారు.

“పద్మా, మన వీధి వెడల్పు చేస్తారట. ముందు గది పోతుంది.”

ముందు గది పద్మావతిగారిది. పదిహేనేళ్లుగా ఆవిడ అందులో మిషను పెట్టుకుని చుట్టుపక్కల ఆడవాళ్లకు జాకెట్లు కుడుతున్నారు. జాకెట్ల కన్నా ఎక్కువగా ఆ గదిలో కబుర్లు తయారవుతాయి. ఆవిడకు ఇంట్లో మిగతా గదులన్నీ సంసారం, అదొక్కటే స్వరాజ్యం.

ఆవిడ కత్తెర కింద పెట్టారు. పెళ్లయిన ముప్పై నాలుగేళ్లలో ఎన్నడూ అనని మాట అన్నారు.

“ఏవండీ, అభ్యంతరం పెట్టండి.”

“ఏమన్నావు?”

“పెట్టండి అంటున్నాను! ఉప్మా మీద పెట్టారు, మా అన్నయ్య మీసం మీద పెట్టారు. నా గది మీద పెట్టడానికి నోరు పెగల్లేదా?”

“పరిశీలిస్తాను” అన్నారు తిరుమలరావుగారు.

మర్నాటి నుంచి ఆయన పొద్దున్నే ఫైలు చంకన పెట్టుకుని బస్సెక్కి వెళ్లిపోవడం మొదలుపెట్టారు. పద్మావతిగారు సంతోషించారు. గది కోసం పెద్ద పోరాటమే జరుగుతోందనుకున్నారు. నాలుగో రోజు ఆయన చొక్కా ఉతకబోతే ఎండుచేపల వాసన కొట్టింది. ఆరో రోజు జేబులో ఇసుక దొరికింది.

“కార్యాలయంలో ఇసుకేమిటండీ?”

“విచారణలో ఉన్న అంశం. వివరాలు చెప్పకూడదు.”

మూడో వారంలో వీధిలోకి చేపలమ్మే గంగాలమ్మ వచ్చింది. జాలరిపేట నుంచి రెండు బస్సులు మారి వచ్చే మనిషి. గంప దించి, గుమ్మంలో కూర్చుని, పద్మావతిగారిని ఎగాదిగా చూసింది.

“అమ్మా, మీ ఇంటాయన మంచోడే గాని, పేనం తీసేత్తన్నాడమ్మా. ఏటి సెప్పినా ‘ఇంకా ఏటి?’ అంటాడు. నా మొగుడు బతికున్నపుడు కూడా నన్నిన్ని పెశ్నలు అడగలేదు.”

“మా ఆయన మీ పేటకు వస్తున్నారా? ఎందుకు?”

గంగాలమ్మ నాలిక కరుచుకుంది. “సెప్పొద్దన్నాడు. మంగళారం సూత్తావులే” అని గంప ఎత్తుకుని పోయింది.

మంగళవారం పద్మావతిగారు ఇస్త్రీ చీర కట్టుకుని, తన గదిని ఎవరు పడగొడతారో చూద్దామని భర్త వెంట విచారణకు వెళ్లారు. గుమ్మం దగ్గరే గొడవ జరుగుతోంది. జాలరిపేట నుంచి నలభై మంది ఆడవాళ్లు బేరాలు మానుకుని గంపలతో సహా వచ్చారు. అటెండరు అడ్డం నిలబడ్డాడు.

“గంపలు బయట పెట్టండి!”

“బయటెడితే పిల్లి తినేత్తాది. నువ్వు కాత్తావేటి?” అంది గంగాలమ్మ.

అటెండరు ఒకసారి గోడ మీది పిల్లి వైపు, ఒకసారి గంగాలమ్మ వైపు చూసి పక్కకు తప్పుకున్నాడు.

విచారణాధికారి అర్జునరావు చెడ్డవాడు కాడు. సాయంత్రంలోగా ముగించాల్సిన పని పట్ల సగటు మనిషికి ఉండే ప్రేమే ఆయనకూ ఉంది. ఆడవాళ్లందరూ తలొక కాగితం బల్ల మీద పెట్టగానే ఆయన ముఖం విప్పారింది.

“అన్నీ తీరప్రాంతం గురించేనా? ఒకే రకం అభ్యంతరాలను ఒకటిగానే లెక్కిస్తామమ్మా. నిబంధన నాలుగు.”

పటంలో జాలరిపేట పక్కన పడవలు లాగే చోటు, చేపలు ఎండబెట్టే ఇసుక మొత్తం కలిపి ఒక ఆకుపచ్చ ముక్కగా వేసి, ‘ఖాళీ స్థలం, ప్రతిపాదిత ఉద్యానం’ అని రాశారు. గంగాలమ్మ అవ్వ కాలం నుంచి రోజూ మనుషులు తొక్కుతున్న ఇసుక అది. పద్మావతిగారికి ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఆవిడకు ముందు భర్త మీద కోపం వచ్చింది. తరువాత పటం మీద వచ్చింది. ఆ రెండో కోపం పెద్దది.

“ఒకే రకం కావండీ, చదవండి” అన్నారు తిరుమలరావుగారు వెనక బెంచీ నుంచి.

అర్జునరావు మొదటి కాగితం తీశాడు. అది ఈశ్వరిది. పైకే చదివాడు.

“‘మీరు ఖాళీ అని రాసిన సోటే మా అత్త నన్ను మొదటిపాలి తిట్టింది. నా కూతురు నడక నేర్సింది. అది ఖాళీ ఎలాగవుద్ది?’”

హాలులో నవ్వులు లేచాయి. రెండోది చిలకమ్మది.

“‘నాకు మోకాళ్ల నొప్పులు. ఇసక ఇంటికి దగ్గర కాబట్టి సేపలు ఎండేత్తన్నాను. దూరమైతే మానేత్తాను. మానేత్తే నా కోడలు నన్ను సూడదు. ఈ మాట కోడలికి సెప్పకండి.’”

కోడలు పక్కనే ఉంది. మూడోది గంగాలమ్మది.

“‘పార్కు ఎయ్యండి, నాను వద్దనను. కాని సెట్టు నీడలో సేపలెండవు బాబూ. ఆ సంగతి మీ పటానికి ఎవులూ సెప్పినట్టు నేదు.’”

అర్జునరావు తలెత్తాడు. “ఇదేం భాషండీ? ఇది ప్రభుత్వ రికార్డు.”

“వాళ్ల భాషేనండీ. నా భాషలో రాస్తే నలభైయ్యీ ఒకేలా ఉంటాయి. ఒకేలా ఉంటే ఒకటే అవుతుంది. మీ నిబంధన నాలుగే కదండీ చెప్పింది.”

ఆయన ఇరవై రోజులు ఇంటింటికీ తిరిగి, గుమ్మంలో కూర్చుని, ఒక్కొక్కరినీ విడిగా అడిగి, వాళ్లన్న మాట వాళ్లన్నట్టే గుండ్రటి చేతిరాతతో రాశారు. రాయలేనివాళ్ల వేలిముద్ర పక్కన ‘రాసిపెట్టినవారు’ అనే చోట సంతకం చేశారు. అన్నీ చదివే సరికి గంట దాటింది. ఒక్కటి కూడా మరొకదానిలా లేదు. అర్జునరావు చివరి కాగితం కింద పెట్టాడు. తరువాత ముసాయిదాలో ‘ఖాళీ స్థలం’ అన్న మాట కొట్టేసి, ‘చేపలు ఎండబెట్టు స్థలం, స్వయంగా చూసి నిర్ణయించాలి’ అని రాయించి, శుక్రవారం వస్తానని తేదీ వేశాడు.

“పొద్దున్నే రా బాబూ. ఎండెక్కితే నీకు కాళ్లు కాల్తాయి” అంది గంగాలమ్మ.

ఇక పద్మావతిగారు భర్తను మోచేత్తో పొడిచారు. “ఇప్పుడు మన గది.”

“నేను పెట్టకూడదు, పద్మా.”

“ఏం?”

“రాసిపెట్టినవాడు స్వయంగా అభ్యంతరం పెట్టరాదు. నిబంధన ఏడు.”

“ఆ ముక్క మీకు ముందే తెలుసా?”

“మొదటి సంతకానికి ముందే తెలుసు.”

ఆవిడ కళ్లలో కత్తెర మెరిసింది. అంతలో అటెండరు పిలిచాడు. “టోకెన్ నలభై ఒకటి. పద్మావతిగారు!”

ఆవిడ పేరున టోకెన్ ముందే తీసి పెట్టిన తిరుమలరావుగారు ఫైలులోంచి చివరి కాగితం తీసి ఆవిడ చేతికిచ్చారు. పైన ఆవిడ పేరు ఉంది. కింద అంతా ఖాళీ.

“ఏమీ రాయలేదేం?”

“గది నీది. నేను రాస్తే అది నా అభ్యంతరమవుతుంది. నేను నీ బదులు మాట్లాడినట్టుంటుంది కాని, నువ్వు మాట్లాడినట్టుండదు.”

పద్మావతిగారు లేచారు. అధికారి బల్ల ముందుకు వెళ్లారు.

“రోడ్డు వద్దనను. బస్సొస్తే మా కాలనీకే మంచిది. కాని మా ఎదురుగా ఎవరూ ఉండని గోదాము గోడ ఉంది. గోడ పోదట, మా గది పోతుందట. పటంలో రోడ్డు గీత ఆ గోడను తప్పించి మా ఇళ్ల వైపే ఎందుకు వంగింది? గోడకు సిగ్గేసిందా, గీతకు భయమేసిందా?”

“గీత వంగిందా?” అని అర్జునరావు పటం వైపు చూశాడు. అది పైకప్పు దగ్గర ఉంది. ఆయన ఒక కుర్చీ లాక్కుని ఎక్కబోయాడు.

“అభ్యంతరం!”

హాలంతా వెనక్కి తిరిగింది. తిరుమలరావుగారు అప్పటికే లేచి వచ్చి, వంగి, కుర్చీ కాలు పట్టుకున్నారు.

“ఒక కాలు పొట్టిగా ఉందండీ. వచ్చీ రాగానే చూశాను. నేను పట్టుకుంటాను, ఇప్పుడు ఎక్కండి.”

అధికారి ఎక్కి చూశాడు. గీత వంగింది. సర్వే మళ్లీ చేయాలని రాసుకుని దిగాడు. ఆయన రెండు కాళ్లూ నేల తాకేదాకా తిరుమలరావుగారు కుర్చీ వదల్లేదు. పద్మావతిగారికి వీర్రాజు ఇంటి రెయిలింగు గుర్తొచ్చింది. ఆటో అద్దం గుర్తొచ్చింది. ముప్పై నాలుగేళ్లుగా తాను బలపరుస్తూ వచ్చిన అభిప్రాయాన్ని ఆవిడ అక్కడే, ఎవరికీ చెప్పకుండా, కొట్టేశారు.

గది ఉంటుందో లేదో, ఇసుక మిగులుతుందో లేదో ఇంకా తేలలేదు. కార్యాలయాలను పొగడడానికి తొందరపడనక్కర్లేదు. తేలినవి రెండే. నలభై ఒక్క మంది తమ మాట తామే చెప్పారు. అర్జునరావు శుక్రవారం పొద్దున్నే జాలరిపేట వచ్చాడు.

శనివారం పొద్దున పద్మావతిగారు ఉప్మా పళ్లెం పక్కన ఒక కాగితం, పెన్ను పెట్టారు. కాగితం మీద ‘అభ్యంతరాలు’ అని రాసి, కింద చక్కగా ఒక గడి గీశారు. తిరుమలరావుగారు రెండు ముద్దలు తిన్నారు. కళ్లు మూసుకున్నారు. పెన్ను తీసి చాలాసేపు ఆలోచించి, తన జీవితంలో మొదటిసారి ఆ గడిలో ‘లేవు’ అని రాశారు.

ఉప్మాలో ఉప్పు అసలు పడలేదు.