జేజినాయన చేతిలో తుపాకీ

మొన్న బద్వేలు దగ్గర మా ఊరి చర్చి వార్షికోత్సవానికి పోయి, గేటు దగ్గరే ఆగిపోయాను. ఆపింది భక్తి కాదు, ఒళ్లుమంట. గేటుకు కట్టిన పెద్ద ఫ్లెక్సీలో మా సంఘపెద్ద వాళ్ల తాత మీసం మెలేసి, తుపాకీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. రొమ్ము మీద రెండు వెండి పతకాలు. కింద ‘యుద్ధవీరుడు’ అని బంగారు రంగు అక్షరాలు. ఆ మనిషి జన్మలో చూసిన యుద్ధమల్లా పొలం గట్టు తగాదాలే. పతకాలు మా జేజినాయనవి.

జేజినాయన అంటే మా నాన్నకు నాన్న. తెల్లదొరల కాలంలో బర్మా యుద్ధానికి పోయాడు గానీ తుపాకీ ముట్టలేదు. స్ట్రెచర్ మోసేవాడు. దెబ్బ తగిలి పడినవాళ్లను తూటాల మధ్య, బురదలో, కొండ దిగువకు మోసుకొచ్చినందుకే ఆ పతకాలు. అంతకు మించి ఆయన నోట ఒక్క ముక్క రాలేదు. చిన్నప్పుడు నేను వేధించి అడిగితే, వేరుశనక్కాయలు ఒలుస్తూ "బరువు మోసినామ్మా. మనకేమన్నా కొత్తనా?" అనేవాడు. ఊళ్లో ఎవరికి జబ్బు చేసినా, కాన్పు కష్టమైనా, మంచానికి కొయ్యలు కట్టి రోడ్డుదాకా మోయడానికి ముందు ఆయన్నే పిలిచేవాళ్లు. ఎప్పుడూ తల వైపే పట్టేవాడు. "మనిషి మొగం కనపడతా ఉండల్ల" అనేవాడు.

ఇక పతకాలు చేయి దాటిన సంగతి. మా చర్చిలో కోత పండగ చేస్తారు. గుమ్మడికాయో, కోడో, కందులో, ఎవరికి పండింది వాళ్లు దేవునికి ఇస్తే, ఆరాధన అయ్యాక వేలం పాడతారు. వానలు ఎగ్గొట్టిన ఒక ఏడు మా ఇంట్లో ఇవ్వడానికి గింజ లేదు. ఉత్త చేతులతో పోలేక ఈ మహానుభావుడు పతకాలు తీసుకుపోయి గుమ్మడికాయల మధ్య పెట్టాడు. మా జేజి నెత్తి కొట్టుకుంది. "కోడి ల్యాకపోతే ల్యాదని చెప్పల్ల గానీ, ఇవేమన్నా కూరకు పనికొస్తాయా?" సంఘపెద్ద వాళ్ల తాత వేలంలో పాట పాడి, ఇంటికి తీసుకుపోయి గోడకు తగిలించాడు. తిరిగి అడుగుదామని మా నాన్న అంటే జేజినాయన ఒప్పుకోలేదు. "దేవునికి ఇచ్చినాక ఇచ్చినట్టే."

మొన్న వార్షికోత్సవ ఆరాధన అయిందో లేదో, నేరుగా సంఘపెద్ద ఇంటికి పోయాను. సంఘపెద్ద నాకంటే చిన్నవాడు.

"ఏమప్పా, మీ తాత యా యుద్ధానికి పోయినాడు? పోరుమామిళ్ల దాటినాడా?"

"పతకాలు మా గోడకే ఉండాయి కదక్కా. ఊరికే ఇస్తారా?"

"అంచు మీద మా జేజినాయన పేరు చెక్కింటారు. దించి చూడు."

దించాడు. అంచు అద్దంలా నున్నగా ఉంది. వాళ్లమ్మ వంటింట్లోంచి వచ్చి గర్వంగా చెప్పింది: "ప్రతి క్రిస్మస్‌కూ చింతపండు, బూడిద పెట్టి నేనే తోముతానమ్మా. ఎట్ల మెరుస్తాండాయో చూడు!" మా ఇంటి పేరును అంట్లతో పాటు తోమేసిన ఆవిడను ఏమనాలి? ఫ్లెక్సీ సంగతి తెలిశాక మళ్లీ ఆవిడే కొడుకు మీద విరుచుకుపడింది. "అవి ఈయమ్మ వాళ్లవే. మా మామ కోత పండగలో పాడి తెచ్చినాడు. ఆయన తుపాకీ పట్టింది యాడ? పిల్లి అరిస్తే తలుపేసుకునేటోడు."

అతని ముఖం చిన్నబోయింది. పతకాలు నా ముందుకు చాపాడు. నా చేయి పోయినట్టే పోయి ఆగింది. ఇచ్చినాక ఇచ్చినట్టే. చచ్చి ఇన్నేళ్లయినా ఆ ముసలాయన నన్ను వాదన గెలవనివ్వడు. "ఇవి ఈడనే ఉండనీ. బొమ్మ మార్చు. స్ట్రెచర్ మోసినాడని రాయి" అని చెప్పి, జేజినాయన ఫోటో ఫోన్‌లో పంపి వచ్చాను.

మరుసటి ఆదివారానికి కొత్త ఫ్లెక్సీ వెలిసింది. పాపం, మాట తప్పలేదు. జేజినాయన ముఖం, జేజినాయన పేరు, రెండు పతకాలు. చేతుల్లో మాత్రం పాతదానికంటే పెద్ద తుపాకీ.

"స్ట్రెచర్ పెడితే చూసేవాళ్లకు ఏం బాగుంటాదక్కా? మీ తాతకని శానా మంచి తుపాకీ పెట్టించినా" అన్నాడు.

ఎలాగూ మా ఎండలకు ఫ్లెక్సీ ఎక్కువకాలం నిలవదని సర్దిచెప్పుకున్నాను. కానీ రోడ్డు పక్క ఫ్లెక్సీల్లో రోజూ చూస్తున్నదే కదా, ఎండకు మొదట వెలిసిపోయేది మనిషి మొగం. తుపాకీ నలుపు చివరిదాకా ఉంటుంది.