మీసాలకు జీడినూనె

మా నాయన రెండుసార్లు చనిపోయాడు. రెండోసారి దేవుడు తీసుకుపోయాడు, దానికి నా పూచీ లేదు. మొదటిసారి మాత్రం నేనే చంపాను. కత్తితో కాదు, కర్రతో కాదు, అరచేతిలో పట్టేంత నూనెతో. అదైనా ఆయన ఒంటికి రాయలేదు, నా మూతికి నేను రాసుకున్నాను. నీ మూతికి రాసుకుంటే ఆయన ఎట్లా పోయాడయ్యా అంటారా? అదే చెప్పబోతున్నాను. నవ్వాలనిపిస్తే నవ్వండి. ఊళ్లకు ఊళ్లే నవ్వాయి, మీరు నవ్వితే కొత్తగా పోయే పరువు ఏమీ మిగల్లేదు.

నిజాం పాలన నడుస్తున్న రోజులవి. మాది పెద్దమందడి దగ్గర మెట్ట సేద్యం. నాకు పన్నెండేళ్లప్పుడే రాజోలి పిల్ల జములమ్మతో పెళ్లి చేసి, ఎవరి పిల్లలను వాళ్లు ఇంటికి తీసుకుపోయారు. నాకు పందొమ్మిది నిండాక, ఇక పోయి పెళ్లాన్ని కాపురానికి తెచ్చుకోమని జ్యేష్ఠమాసంలో ముహూర్తం పెట్టారు. అది దాటితే ఆషాఢం, మళ్లీ ఆగాలి. అంతా బాగానే ఉంది, ఒక్క మీసం తప్ప.

నా పై పెదవి వాన తప్పిన జొన్నచేనులా ఉండేది. ఇక్కడొక మొలక, అక్కడొక మొలక, మిగతాదంతా బీడు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని సామెత కదా, నా సంగతి దానికి తలకిందులు. ఇంట్లో మెతుకులకు లోటు లేదు, గద్వాల అంగట్లో సంపెంగ నూనెకూ లోటు లేదు. లేనిదల్లా మీసమే. నిజంగానే ఆ నూనె తెచ్చి నెల రోజులు రాశాను. పక్కింటి దాకా వాసన పోయింది గానీ వెంట్రుక మాత్రం రాలేదు.

మీసం లేకపోతే కొంపేం మునిగింది అనకండి. అంతకుముందు దసరాకు అత్తగారింటికి పోతే, మా బామ్మర్ది హన్మంతు నలుగురూ కూర్చున్న చోట నా ముఖంలోకి వంగి చూసి, "బావా, మీసం ఇంటికాడ మర్సి వచ్చినవా?" అన్నాడు. అందరూ నవ్వారు. వాళ్లు నవ్వితే నాకేం బాధ లేదు. తలుపు వెనక గాజులు గలగలమన్నాయి. ఆ తలుపు వెనక నిలబడే మనిషి ఆ ఇంట్లో ఒక్కతే. జన్మంతా నాతో కాపురం చేయాల్సిన మనిషి నన్ను చూసి నవ్విన మొదటి నవ్వు అది. ఆ గాజుల చప్పుడు ఎనిమిది నెలలు నా చెవుల్లో మోగుతూనే ఉంది. మీసం లేకుండా మళ్లీ ఆ గడప తొక్కగూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ముహూర్తం ఇంకా నెల ఉందనగా నాయన ఎడ్ల కోసం అచ్చంపేట అంగడికి పోతూ నన్నూ వెంట తీసుకుపోయాడు. అమ్మ తన కాళ్ల పగుళ్లకు జీడినూనె తెమ్మంది. జీడి అంటే తినే జీడిపప్పు అనుకునేరు. ఇది నల్లమలలో కాసే నల్లజీడి. చాకళ్లు బట్టల మీద చెరగని గుర్తులు పెట్టేది దీని రసంతోనే. అడవిలో చెంచులు ఆ గింజలను కుండలో పోసి, అడుగున ఇంకో కుండ పాతి, పైన పిడకలు రాజేసి, చుక్కచుక్కగా నూనె దించుతారు. నల్లగా, బంకగా ఉంటుంది.

అంగడి చివర ఈదమ్మ అనే చెంచు పెద్దమ్మ తేనె, జీడినూనె పెట్టుకుని కూర్చుంది. మేమిచ్చిన జొన్నలు ఒడిలో పోసుకుని, చిన్న ముంతలోకి నూనె వంచి, నాయనకు చెప్పాల్సింది చెప్పింది.

"మడమలకే పెట్టాలె. ముందుగాల సుట్టూర ఆముదం రాసి, పుల్లతోని పగుల్ల అద్దాలె. మెత్తని తోలుకు తగలనియ్యొద్దు. తగిలితే గది నూనె గాదు, నిప్పు."

నాయన ఎడ్ల వైపు నడిచేదాకా ఆగి నేను మెల్లగా అడిగాను. "పెద్దమ్మా, తలల పేనుకొరుకుడుకు గూడ గిదే పెడ్తరంట గద?"

"పెడ్తం. సూది మొనంత."

"ఎంటికలు వస్తయా?"

"వస్తయి. నీకు యాడ పోయినయి కొడుకా?"

నేను గబుక్కున చేత్తో మూతి కప్పుకున్నాను. ఆమె ఆ చేతిని చూసింది, నా వయసును చూసింది, అంతా తెలిసిపోయింది. "దానికి వయసే మందు కొడుకా, నూనె గాదు," అంది.

ఆ ఒక్క మాట విని ఉంటే ఈ కథే లేదు. నా చెవికి మాత్రం "వస్తయి" అన్నదొక్కటే ఎక్కింది. సూది మొనంత పెడితేనే బోడి చోట వెంట్రుకలు మొలిస్తే, అరచేతి నిండా పెడితే ఎంత మొలవాలి? బడిలో పంతులు ఇన్నేళ్లు తన్ని నేర్పిన లెక్క ఇప్పటికి పనికొచ్చిందని సంతోషపడ్డాను.

మర్నాడు ఇంటికి చేరాక, అమ్మానాయనలు చేనికి పోయిన పూట చూసి పని మొదలుపెట్టాను. ముంతలో సగం నూనె అరచేతిలో పోసుకుని మూతికి పట్టించాను. పట్టించేది ఎట్లాగూ పట్టిస్తున్నాం, కోరమీసానికి చోటు ఉండాలి కదా అని రెండు చెంపల దాకా లాగాను. ఇక చేతికి మిగిలిన నూనె. నూనె చేతిని తలకు తుడుచుకోవడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. తుడుచుకున్నాను.

సాయంత్రానికి దురద మొదలైంది. మొలకలు వస్తున్నాయని మురిసిపోయాను. తెల్లారి లేచేసరికి కళ్లు సగమే తెరుచుకున్నాయి. ఇత్తడి బిందెలో తొంగి చూస్తే నాకు తెలియని మనిషెవరో లోపలి నుంచి చూశాడు. పెదవి వడలా ఉబ్బి ముక్కును ముట్టుకుంటోంది. చెంపల మీద నీటి పొక్కులు, తల మీద పొక్కులు. అరుద్దామంటే నోరు తిరగలేదు. పేడ గంపతో లోపలికి వచ్చిన అమ్మ నన్ను చూసి గంప వదిలేసి, "ఎవలు నువ్వు?" అంది. వేళాకోళం కాదు, కన్నతల్లి నిజంగానే గుర్తుపట్టలేదు.

నాయన వచ్చాడు. నా మూతిని చూశాడు, సగమైన ముంతను చూశాడు. "పగుళ్లు మీ అమ్మకు గదరా?" అన్నాడు. తిట్టినా బాగుండేది.

కొబ్బరినూనె, వెన్న, నువ్వుల ముద్ద, ఎవరు ఏది చెబితే అది నా ముఖానికి పట్టించారు. పొక్కులు చిట్లి రసి కారి, వెంట్రుకలన్నీ అందులో అట్టకట్టాయి. గొరిగితే గానీ మందు అంటదని క్షౌరం చేసే నర్సన్నను పిలిచారు. అతను కత్తి తీసినట్టే తీసి మళ్లీ పొదిలో పెట్టేశాడు. "తండ్రి గట్ల కూసోని సూస్తుండంగ కొడుకు మీసం మీద కత్తి పెట్టాల్నా? నాతోని గాదు పటేలా," అన్నాడు. మాలో తలా మీసమూ కలిపి గొరిగించుకునేది తండ్రి పోయినప్పుడే. ఉత్త గుండు అయితే ఏ దేవుడి మొక్కో అనుకుంటారు. మీసం కూడా పోతే ఇంకేమీ అనుకోరు.

"నేను బతికే ఉన్న. నేనే చెప్తున్న. గీకు," అని నాయన అటు తిరిగి కూర్చున్నాడు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నాకు ఉన్న నాలుగు మీసం వెంట్రుకలతో పాటు తల మీది జుట్టంతా ఊడింది. అంతటితో ఆగితే సామెత సామెతగానే ఉండేది.

ముహూర్తం నాటికి పొక్కులు మాని నల్లటి మచ్చలు మిగిలాయి, వెంట్రుకలు మాత్రం ఇంకా మొలవలేదు. నాయన కూడా రావాల్సింది గానీ వాన పడింది, విత్తనాలు వేయకపోతే అదును పోతుంది. ఒక్కణ్నే బయలుదేరాను. అమ్మ నా తలకు రుమాలు బిగించి కట్టి, పోంగనే జరిగింది జరిగినట్టు చెప్పమంది. నాయన విత్తనాలు చెరుగుతూనే, "నేను బాగున్ననని గూడ చెప్పు," అన్నాడు. అదెందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

వనపర్తి రోడ్డు స్టేషన్‌లో రైలెక్కి గద్వాలలో దిగి, అక్కణ్నుంచి ఎడ్లబండి మీద రాజోలి చేరాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటే మనసులో కూడబలుక్కున్నాను. అత్త కాళ్లకు నీళ్లు ఇవ్వడానికి చెంబుతో ఎదురొచ్చింది. నా మూతి చూసి ఆగింది. నేను చెంబు కోసం వంగాను. రుమాలు జారి ముందర పడింది. నా గుండు మీద ఎండ తళుక్కుమని ఉంటుంది.

చెంబు చేజారింది. "అయ్యో మా అన్నా, ఎంత పని చేస్తివన్నా," అని అత్త నేల మీద కూలబడి శోకం అందుకుంది. వాడకట్టంతా వచ్చేసింది. మామ అరుగు మీద కూలబడ్డాడు. మీసం ఏదీ అని నవ్విన హన్మంతు పరుగెత్తుకొచ్చి నా మెడ కావలించుకుని బావురుమన్నాడు.

నోట మాట రాలేదని ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకున్నాను. మీకు మాత్రం నిజం చెబుతాను. మాట వచ్చింది. నేనే మింగాను. నాయన బతికే ఉన్నాడంటే, మరి మీసం ఏమైందని అడుగుతారు. నూనె సంగతి చెప్పాలి. హన్మంతు నా భుజం మీదే ఉన్నాడు, తలుపు వెనక ఆమె ఉంది. ఏడ్చేవాళ్లు నవ్వలేరు కదా అని ఒక్క క్షణం, రెండు క్షణాలు, మా నాయనను అట్లాగే ఉండనిచ్చాను. ఆ కాసేపట్లోనే మామ, నన్ను దించి మళ్లుతున్న బండివాణ్ని కేకేసి, గద్వాలలో మా చుట్టాలకు కబురు అందించమన్నాడు. బండి సందు తిరిగింది. చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు తలుపు తెరుచుకుంది. జములమ్మ పెళ్లి తర్వాత మొదటిసారి నా ఎదుటికి వచ్చింది. ముఖమంతా తడిసి ఉంది.

"ఉగాదికి వచ్చినప్పుడు మామ నా నెత్తి మీద చెయ్యి పెట్టి, నువ్వు కోడలివి గాదు, నా బిడ్డవు అన్నడు," అంది. "గాయిన లేని ఇంటికి నేను ఎవరి కోసం రావాలె?"

నా కోసం రావచ్చు కదా అని అడిగే ముఖం నాకు లేదు. అసలు ముఖమే లేదు.

"ఏడ్వకు," అన్నాను. "నాయిన మంచిగున్నడు. ఇత్తనాలు ఏస్తుండు."

శోకం టక్కున ఆగింది. అత్త నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

"మరి మీసం?" అంది జములమ్మ.

"జీడినూనె పెట్టిన."

"మీసానికా?"

"మీసం రానీకి."

హన్మంతు నా భుజం మీది నుంచి మెల్లగా తల ఎత్తాడు. ఇక గాజులు గలగలమంటాయని కళ్లు మూసుకున్నాను. ఏ చప్పుడూ లేదు. కళ్లు తెరిస్తే ఆమె నన్నే చూస్తోంది.

"నవ్వితే నవ్వితి. గంత మాత్రానికి కన్నతండ్రిని సంపుకుంటవా?" అని లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడు కంటే గాజుల చప్పుడే నయమనిపించింది.

హన్మంతు బండి వెనక పరుగెత్తాడు గానీ అందలేదు. రాజోలిలో ఆ పూట ఎవరూ నాతో మాట్లాడలేదు. మామను కళ్లతో చూస్తే గానీ నమ్మనని జములమ్మ మర్నాడు నా వెంట బయలుదేరింది. కాపురానికి తెచ్చుకున్నాననే గానీ, ఆమె వచ్చింది నా కోసం కాదు. మేము చేరేలోపే గద్వాల చుట్టాలు రైలు దిగి మా వాకిట్లో చేరారట. శోకాలు విని నాయన నాగలి విడిచి పరుగెత్తుకొచ్చాడట. ఎవరో పోయారని తానూ కండువా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ, "ఎవలు పోయిన్రు?" అని అడిగాడట. తలవంచుకుని ఏడుస్తున్న మేనత్త తల ఎత్తకుండానే, "ఇంకెవలన్నా, నువ్వే," అందట.

"నేనా? ఎప్పుడు?" అన్నాడట నాయన.

జములమ్మ పోయి ఆయన కాళ్ల మీద పడి ఏడ్చింది. ఆయన ఆమె తల నిమురుతూ నా వైపు చూశాడు. "బాగున్ననని చెప్పుమంటి గదరా. గా ఒక్క మాట గంత బరువైందా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మీసం మరుసటేడు దానంతటదే వచ్చింది, ఈదమ్మ చెప్పినట్టే.

చాలా ఏళ్ల తర్వాత నాయన నిజంగానే పోయాడు. నర్సన్న ఈసారి కత్తి పెట్టడానికి వెనకాడలేదు. రాజోలికి మనిషిని పంపాం. మర్నాడు అతను ఒక్కడే తిరిగొచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు. హన్మంతు ఏమన్నాడని అడిగాను.

"మీ బావ ఈసారి మూతికి ఏం నూనె పెట్టిండో అడిగి రా పో, అన్నడు."

చావింట్లో అంతమంది మధ్య నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. నాయన ఉంటే ఆయనా నవ్వేవాడు. మూలన ఏడుస్తున్న జములమ్మ నా బోడి మూతి వైపు చూసి, కళ్లు తుడుచుకుని లేచింది. "నేనే పోయి చెప్పి వస్త. నీ మూతిని ఎవలు నమ్మరు," అని బండి కట్టమంది. ఇన్నేళ్లకు ఆ గాజులు మళ్లీ గలగలమన్నాయి.

కాబట్టి ముక్కోటి దేవతల సాక్షిగా, నల్లమల చెట్లన్నిటి సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఈ కట్టె కాలేదాకా నా పై పెదవికి మజ్జిగ తప్ప మరేదీ తగలనివ్వను. ఆ మజ్జిగ కూడా ముందు జములమ్మ వాసన చూసి సరేనంటేనే.