నీలం రంగు వచ్చిన వారం

ఇన్నేళ్లూ దీన్ని గుండెల మీద మోసుకు తిరిగాను. ఇవాళ మీకు చెప్పేస్తున్నాను. చెప్పేస్తానని అనుకోగానే కలం పరుగెత్తుతోంది. భయంతో కాదు, ఉత్సాహంతో. సిగ్గులేని మాటే. అయినా అదే నిజం.

ఎనభైల్లో మా నాన్న రెడ్డిగూడెం దగ్గర మామిడితోటకి కాపలా ఉండేవాడు. కాయ దింపే రోజుల్లో అమ్మా, నేనూ, చెల్లి రూతూ కూడా తోటలోనే, పాకలో. రూతుకి చిన్నప్పుడే షుగర్ వచ్చింది. ముసలివాళ్ల జబ్బు పసిదానికేమిటని ఊరంతా ముక్కున వేలేసుకుంది. బెజవాడ డాక్టరుగారు మాత్రం అమ్మకి విడమరిచి చెప్పారు: ఈ పిల్ల ఒంట్లో ఇన్సులిన్ తయారవదు, బతికున్నన్నాళ్లూ బయటినుంచి ఎక్కించాల్సిందే. అమ్మ అన్నీ నేర్చుకుంది. గాజు సిరంజి మరగబెట్టేది. మందుని తడి ఇసుక కుండలో దాచేది. పొద్దున్నే రూతు ఒంటేలు నాలుగు చుక్కలు నీలం మందులో వేసి దీపం మీద కాచేది. నీలంగానే ఉంటే షుగర్ లేనట్టు. ఇటుక రంగుకి తిరిగితే బాగా ఉన్నట్టు. మాకెప్పుడూ ఇటుక రంగే. ఆ రంగు చూసినప్పుడల్లా పిల్ల దొంగతనంగా పండు తిందని అమ్మకి అనుమానం. దాన్ని పాకలోంచి కదలనిచ్చేది కాదు.

రూతు ఒంటేలు పట్టిన సీసా అమ్మకి అందించే పని నాది. ఆ రోజు పెద్ద రసాలు దింపుతున్నారు. తోటలో పిల్లలందరూ అక్కడే.

"అక్కా, ఇయ్యాల నీలం వస్తే అమ్మ నన్ను పంపిద్దా?" అంది రూతు, సీసా నా చేతికిస్తూ.

"వచ్చిద్దిలే, చూడు," అన్నాను.

పాక వెనక్కి వెళ్లి అది పారబోసి, నాది పట్టాను. ఎందుకు చేశాను? దాని మొహం చూసి జాలిపడా? నాకు ఆటలో తోడు కావాలనా? రెండోదే అనుకుంటాను.

నీలం వచ్చింది. అమ్మ నమ్మలేక మళ్లీ కాచింది. మళ్లీ నీలమే. అమ్మ రూతుని ఎత్తుకుని గిరగిరా తిప్పింది. నాన్న చెట్టు మీంచి దూకినంత పని చేశాడు. ఆ రోజు నేనూ రూతూ తోటంతా ఒకటే పరుగు, కేకలు, నవ్వులు, ఆకలి కూడా గుర్తు రాలేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది, ఏం చేయను. మర్నాడూ అదే పని చేశాను. ఆ తర్వాతా చేశాను.

ఆదివారం చర్చిలో అమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. ప్రభువు నా బిడ్డని ముట్టాడు, జబ్బు పోయింది అని. పాటలు, స్తోత్రాలు, చప్పట్లు. నేనూ చప్పట్లు కొట్టాను. దేవుడి ముందు అలా చెప్పి మళ్లీ సూది పొడిస్తే నమ్మకం లేనట్టేనని ఆ సాయంత్రం నుంచి అమ్మ ఇంజక్షన్ మానేసింది, ఒంటేలు కాచడమూ మానేసింది. అప్పుడైనా చెప్పొచ్చుగా? అందరి ముందూ అమ్మ పరువు పోతుందని ఊరుకున్నాను. కాదు, అది సాకు. దెబ్బలకి భయపడ్డాను. ఇంకా లోపలి మాట చెప్పనా? ఆ సంతోషం అయిపోవడం నాకిష్టం లేదు.

రూతు బిందెలు బిందెలు నీళ్లు తాగింది. ఎండలనుకున్నాం. డీలా పడింది. గంతులేసి అలిసిందనుకున్నాం. దాని నోట్లోంచి మాగిన పండు వాసన వచ్చింది. ఇంకెక్కడైనా అయితే ఇదేం వాసనని కంగారు పడేవాళ్లేమో. మా పాకలో గడ్డి కింద రసాలు మాగుతున్నాయి, మా బట్టలూ జుట్టూ కూడా అదే వాసన. అమ్మ దాన్ని ముద్దు పెట్టుకుని, ఎన్ని పళ్లు తిన్నావే అని మురిసిపోయింది.

వాంతులై, రొప్పుతూ, పిలిస్తే పలక్కపోయేసరికి కాయల లారీలో బెజవాడ తీసుకెళ్లాం. డాక్టరుగారు రూతు నోటి దగ్గర వంగి వాసన చూశారు. ఇన్సులిన్ అందక రక్తం విషమైతే వచ్చే వాసన ఇది, సూది ఎవరాపారు అని గట్టిగా అడిగారు.

"నేనేనండి," అంది అమ్మ.

నేను అమ్మ చీర కొంగు పట్టుకుని నిలబడి ఉన్నాను.

రూతు బతికింది. అమ్మ మళ్లీ ఎన్నడూ సాక్ష్యం చెప్పడానికి లేవలేదు. నీ భక్తి మండా అని నాన్న ఏళ్ల తరబడి దెప్పాడు. అమ్మ ఆ మాటలన్నీ పడింది. పోయే ముందు రూతు చెయ్యి పట్టుకుని, క్షమించవే అంది. నేను కాళ్లు నొక్కుతూ విన్నాను.

మొన్న రూతు తన కూతురికి ఈ కథ చెప్పింది. ఇప్పటికీ రోజూ సూది పొడుచుకుంటుంది, నవ్వుతూనే చెప్పింది. ఆ పిల్ల, "అమ్మమ్మ అంత పిచ్చిదా అమ్మా?" అంది.

పిచ్చిది కాదు. డాక్టరుగారి మాట అమ్మ మర్చిపోయింది, ఒప్పుకుంటాను. మరిచిపోయేలా చేసింది నేను. రాసిన ఈ కాగితాలు రూతుకి ఇవ్వబోతున్నాను. అది నా మొహం చూడకపోవచ్చు, క్షమించమని అడిగే హక్కు నాకు లేదు. అయినా ఎంత తేలిగ్గా ఉందో మీకు చెప్పలేను. విను రూతూ, సూది అమ్మ ఆపలేదు. నేను ఆపించాను.